మారు లేని విందు

తెలుగులో ‘విందు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఇంటికి వచ్చిన అతిథి విందు; ఆ అతిథికి పెట్టే భోజనమూ విందే. వచ్చినవాడిని, వాడికి వడ్డించిన అన్నాన్ని ఒకే మాటతో పిలుచుకొన్నారంటే, పూర్వులు ఆ రెండింటినీ విడదీసి చూడలేదన్నమాట. నిఘంటువులో పక్కపక్కనే ఒదిగి ఉన్న ఈ రెండర్థాలు హైదరాబాదు నగరంలో ఒక రాత్రి ఎంత దూరం జరిగిపోయాయో, తెనాలి నుంచి వచ్చిన ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడికి స్వయంగా అనుభవంలోకి వచ్చింది.

ఊళ్లో అందరూ ఆయనను మాస్టారనే పిలుస్తారు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ముప్పైనాలుగేళ్లు తెలుగు బోధించారు. 1975లో ఉద్యోగం వచ్చింది, ఆ ఏడే పెళ్లి జరిగింది. 2025 నవంబరుకు ఆ పెళ్లికి యాభై ఏళ్లు నిండాయి. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న కుమారుడు ఆ సందర్భాన్ని ఘనంగా జరపాలని తల్లిదండ్రులను రప్పించుకొన్నాడు. “ఎందుకురా ఈ హడావుడి? పొద్దున్నే గుడికి వెళ్లివచ్చి, ఇంట్లోనే నాలుగు గారెలు, కాస్త పరమాన్నం చేసుకొందాం” అంది తల్లి. కొడుకు వినలేదు. “యాభై ఏళ్లుగా నువ్వే వండుతున్నావు కదమ్మా! ఈ ఒక్క పూటయినా ఎవరో వండి తెచ్చిపెడితే కూర్చుని తిను” అన్నాడు. ఆ మాటలో ఉన్న ప్రేమను కాదనడం ఎవరికీ సాధ్యం కాదు. ఆమె కొత్త చీర మడత విప్పింది.

కొడుకు ఎంచుకొన్నది జూబ్లీహిల్స్‌లో పేరుమోసిన భోజనశాల. ఆ బల్ల కోసం మూడు వారాల ముందే సొమ్ము కట్టి ఏర్పాటు చేసుకొన్నాడు. అక్కడ అన్నీ చిన్న పళ్లేలు. ఎవరికి వారు భోజనం తెప్పించుకోవడం అక్కడి పద్ధతి కాదు. పది పదిహేను రకాలు చెప్పి, వచ్చినవి వచ్చినట్లు అందరూ మధ్యలో పెట్టుకొని పంచుకొంటారు. తెలుగువారి పాత వంటకాలను కొత్త రూపంలో వడ్డిస్తారని, అందువల్ల నాన్నకు తప్పక నచ్చుతుందని కొడుకు లెక్క వేసుకొన్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మాస్టారి భార్యకు పన్నెండేళ్లుగా మధుమేహం. రాత్రి భోజనానికి ముందు ఒక మాత్ర వేసుకోవాలి. వేసుకొన్న అరగంటలో అన్నం తినాలి. ఏడున్నరకు బల్ల సిద్ధంగా ఉంటుందని కొడుకు చెప్పడంతో, అలవాటు ప్రకారం ఏడుంబావుకు కారులోనే ఆమె మాత్ర వేసుకొంది. ఇంట్లో అయితే ఈ లెక్క పన్నెండేళ్లలో ఒక్కనాడూ తప్పేది కాదు, ఎందుకంటే వండేది ఆమే, వడ్డించేదీ ఆమే.

లోపల చీకటిగా ఉంది. కరెంటు పోయిందేమోనని మాస్టారు అనుకొన్నారు. కాదు, అది అలంకారం. బల్ల మీద ఒక చిన్న దీపం తన ఉనికిని తాను చూసుకోవడానికి సరిపడేంత వెలుగుతోంది. వంటకాల పట్టిక చదవడానికి ఐదో తరగతి చదువుతున్న మనుమరాలు ఫోను దీపం పట్టింది. పట్టికలో సగం మాంసాహారం. మాస్టారి దంపతులు శాకాహారులు కావడంతో ఆ సగం వారికి లేనట్లే. మిగిలిన సగంలో పెసరట్టు అన్న మాట కనబడితే, పరదేశంలో చుట్టం కనబడినంత సంతోషం కలిగింది ఆయనకు. దాని ఎదురుగా ఉన్న అంకె చూశాక ఆ చుట్టం మారువేషంలో ఉన్నాడని అర్థమైంది: 545 రూపాయలు.

వారిని కూర్చోబెట్టేసరికే ఏడూ యాభై అయింది. మొదటి పళ్లెం వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై.

ఆ పళ్లెం గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు. బూడిదరంగు మట్టితో చేసిన పెద్ద పళ్లెం. తెనాలిలో అలాంటి దానిలో ఇద్దరు కూర్చుని భోంచేయవచ్చు. దాని నట్టనడుమ రూపాయి బిళ్లంత పెసరట్లు నాలుగు. ఒక్కొక్క దానిపై అల్లం పచ్చడి ఒక్కొక్క చుక్క, ఆ చుక్కపై ఏదో ఆకు కొస. వడ్డన చేసే కుర్రవాడు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి, ఆ పెసలు ఏ నేలలో పండాయో, ఎన్ని గంటలు నానాయో, ఆ ఆకు కొసను ఎందుకు అక్కడ నిలిపారో ఇంగ్లీషులో రెండు నిమిషాలు వర్ణించాడు. మూలం నాలుగు బిళ్లలు, వ్యాఖ్యానం నాలుగు పుటలు! కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మెదకు సీమవాడే; అంతటివాడు కూడా మూలంలో లేనిది రాయనని ముందే నియమం పెట్టుకొన్నాడని మాస్టారికి గుర్తుకువచ్చింది.

పెసరట్లు నాలుగు. కూర్చున్నవారు ఐదుగురు.

ఈ లెక్క ఎదురైనప్పుడు తెలుగు ఇల్లాలు ఏం చేస్తుందో అందరికీ తెలిసిందే. “నాకు వద్దు, మీరు తినండి” అంది మాస్టారి భార్య. కోడలు ఊరుకోలేదు. “అదేమిటి అత్తయ్యగారూ, మీరు తినకపోతే ఎలా?” అని తన బిళ్లను ఆమె వైపు జరిపింది. ఆమె దాన్ని మనుమరాలి వైపు జరిపింది. బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఆ పెసరట్టు చివరకు చల్లారిపోయి కొడుకు ముందు ఆగింది. మాస్టారి భార్యకు మరో సంకోచం కూడా ఉంది. అందరూ తమ తమ చెంచాలతో ఒకే పళ్లెంలోంచి తీసుకొంటుంటే అది ఎంగిలి అవుతుంది కదా! ఆ మాట పైకి అనకుండా, ఆమె వాడని చెంచా ఒకటి అడిగి పుచ్చుకొని, ఆ తరువాత వచ్చిన ప్రతి పళ్లాన్నీ తానే భాగాలు చేసి తలా కాస్త పెట్టసాగింది. ఎవరో వండి పెడితే కూర్చుని తినవలసిన మనిషి అలా మళ్లీ వడ్డనలో పడింది. పంచేవారి చివరి వాటా ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు.

నిజానికి ఈ చిన్న పళ్లేల పద్ధతి చెడ్డది కాదు. పుట్టినచోట దానికి మంచి కారణాలే ఉన్నాయి. స్పెయిన్ దేశంలో వీటిని ‘తాపా’లు అంటారు. ఆ భాషలో తాపా అంటే మూత. పానపాత్రలో ఈగ పడకుండా పైన ఒక రొట్టెముక్కను మూతగా పెట్టడంతో ఈ ఆచారం మొదలైందని అక్కడివారు కథగా చెప్పుకొంటారు. గ్రనడా పట్టణంలో నేటికీ పానీయం కొన్నవారికి తాపాను ఉచితంగా ఇచ్చే ఆచారం ఉంది. స్పెయిన్‌వారు రాత్రి భోజనం తొమ్మిది, పది గంటలకు గాని చెయ్యరు; సాయంకాలానికీ భోజనానికీ నడుమ కబుర్లతో కాలక్షేపం చెయ్యడానికి ఆ చిరుతిండి ఆసరా. తుర్కీ, గ్రీసు, లెబనాన్ దేశాల్లో ‘మెజె’ ఉంది. ఆ మాట రుచి అనే అర్థమున్న పారసీక పదం నుంచి వచ్చింది. దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతపువారు తేనీటితోపాటు ‘డిమ్ సమ్’ తింటారు. వీటన్నిటికీ సరిపోయే మాట సంస్కృతంలో ఉంది, ఉపదంశం. తెలుగులో నంజుకోవడం అంటాం. నంజుకొనేది ఎప్పుడూ మరొకదానికి తోడు. అది పానీయానికి కావచ్చు, అన్నానికి కావచ్చు. ఆవకాయ ఎంత గొప్పదైనా అన్నం లేకుండా ఆవకాయను భోజనమని ఎవరూ అనరు.

జూబ్లీహిల్స్ భోజనశాలలో జరిగిన పొరపాటు ఇదే. నంజు మిగిలింది, అది దేనికి తోడో ఆ వస్తువు లేదు. ఆ బల్ల దగ్గర పానం చేసేవారు ఎవరూ లేరు. రాత్రి భోజనం వేరే ఎక్కడా లేదు. ఉచితంగా ఇచ్చిన రొట్టెముక్క నుంచి పుట్టిన ఔదార్యం కూడా ప్రయాణంలో ఎక్కడో జారిపోయి, దాని పరిమాణం మాత్రం జాగ్రత్తగా హైదరాబాదు చేరింది. 1973లో ఫ్రాన్సులో గో, మియో అనే ఇద్దరు విమర్శకులు బరువైన వంటలను తగ్గించి తేలికైన కొత్త వంటను కీర్తించారు. తినేవారు అతిగా తిని బాధపడే చోట అది అవసరమైన సంస్కరణే. ఆకలితో కూర్చున్నవారి ముందు అదే నియమం పెడితే అది నియమంలా ఉండదు, ఉపవాసంలా ఉంటుంది.

పళ్లేలు ఒక వరుసలో రావడం కూడా లేదు. వంటశాలకు ఏది ముందు సిద్ధమైతే అది వస్తుంది. వంకాయ వచ్చింది, దాని వెనుక పుట్టగొడుగులు వచ్చాయి, ఆ తరువాత పావుగంట ఏమీ రాలేదు. ముద్దపప్పు అని చెప్పిన దానిలో పప్పు ముద్ద నిమ్మకాయంత. దాని చుట్టూ ఆవకాయ నూనె చుక్కలు ముగ్గులా పెట్టారు. అన్నం? అన్నం ప్రత్యేకంగా లేదు. చివర దద్ధ్యోదనం వస్తుందని పట్టికలో ఉంది. తెలుగు భోజనంలో పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అనే క్రమం ఊరికే ఏర్పడినది కాదు. ఒకటి ఆకలిని అణుస్తుంది, మరొకటి నాలుకను లేపుతుంది, చివరిది అన్నిటినీ చల్లబరుస్తుంది. ఆ క్రమాన్ని చిందరవందర చేస్తే పద్యంలో పదాలన్నీ ఉండి అన్వయం కుదరనట్లు ఉంటుంది.

అయితే ఒక్కటి మాత్రం అద్భుతంగా ఉంది. చిన్న గాజు గిన్నెలో మిరియాల చారు తెచ్చారు. పొగలు కక్కుతూ, ఇంగువ ఘాటు ముక్కుకు తగులుతూ, చింతపండు పులుపు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, గొంతులోకి దిగేటప్పుడు మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల ఎవరో నిజంగా వంట తెలిసినవారు ఉన్నారు. రెండు గుక్కల్లో గిన్నె ఖాళీ అయింది. అలవాటుగా ఆయన గిన్నె ముందుకు చాచి, “ఇంకొంచెం పొయ్యి నాయనా” అన్నారు. కుర్రవాడు కొడుకు వైపు చూశాడు. మరొకటి కావాలంటే మళ్లీ చెప్పాలని, దానికి 395 రూపాయలని, ఇరవై నిమిషాలు పడుతుందని మర్యాదగానే చెప్పాడు. మాస్టారు గిన్నెను మెల్లగా కింద పెట్టారు.

‘మారు’ అనేది అక్కడ లేదు. ఒకసారి వడ్డించినదాన్ని మళ్లీ వడ్డించడాన్ని తెలుగువారు మారు వడ్డించడం అంటారు. పళ్లెం ఎంత పెద్దది, పదార్థం ఎంత ఖరీదైనది అన్నవి తరువాతి మాటలు. మారు అడిగారా లేదా అన్నదాన్నిబట్టే పెట్టినవారి మనసు తెలుస్తుంది. 1975లో తన పెళ్లి భోజనాలు మాస్టారికి కళ్లకు కట్టినట్లు గుర్తున్నాయి. పందిట్లో బంతులు తీర్చి ఆకులు వేశారు. మామగారు భుజాన తువ్వాలు వేసుకొని బంతి చివర నిలబడి, ఎవరి ఆకులో ఏది తరిగిందో చూస్తూ వడ్డనవారిని పురమాయించేవారు. గుమ్మడికాయ పులుసు మారు వడ్డించడానికి వచ్చినవాడికి, తినేవారు చెయ్యి ఆకుకు అడ్డంపెట్టి, నడుం వంచి, “చాలు, చాలు” అని బతిమాలుకోవలసి వచ్చేది. అయినా ఆ వేళ్ల సందులోంచి ఒక గరిటె పడేది. ఆఖరి బంతి లేచాక, సాయంత్రం నాలుగు గంటలకు మామగారు ఒక మూల కూర్చుని మజ్జిగన్నం తినడం కొత్త పెళ్లికొడుకు కంటపడింది. ఆయన అంత గొప్ప ఆస్తిపరుడేమీ కాదు. ఆ పెళ్లికి ఎకరం పొలం తాకట్టు పెట్టారని తరువాత తెలిసింది. అలా అప్పుచేసి పెట్టడం మంచిదని ఎవరూ అనలేరు. కాని, ‘చాలు’ అనే మాట ఎవరి నోటినుంచి రావాలో ఆయనకు తెలుసు. వడ్డించేవారు అడగాలి, తినేవారు చాలనాలి. ఇక్కడ ఎంత పెడితే చాలునో తినేవారికంటే ముందే వంటశాల నిశ్చయించేసింది.

మాస్టారికి ఆకలి వేస్తోంది, దానితోపాటు కొంత కోపమూ వస్తోంది. తరగతిలో ఎన్నో ఏళ్లు చెప్పిన పాఠం గుర్తుకు వచ్చి తనలో తాను నవ్వుకొన్నారు. శ్రీనాథుడి కాశీఖండంలో వ్యాసమహర్షి కాశీలో భిక్ష దొరకక, ఆకలి కోపంగా మారి, ఆ నగరాన్నే శపించబోతాడు. వేదాలను విభజించినవాడికే ఆ కోపం తప్పలేదు! అప్పుడు పార్వతీదేవి సామాన్య గృహిణి రూపంలో వాకిట నిలిచి, మందలించి, భోజనానికి రమ్మని పిలుస్తుంది. పిల్లలకు ఆ ఘట్టం చెప్పినప్పుడల్లా శాపం గురించే ఎక్కువగా మాట్లాడేవారు మాస్టారు. ఆ రాత్రి ఆయనకు పిలుపు గురించి ఆలోచించాలనిపించింది.

అంతలో భార్య చేతిలోని చెంచా పళ్లేనికి తగిలి టకటకమంది. ఆయన తలెత్తి చూశారు. ఆ మసక వెలుతురులో ముఖం సరిగా కనబడలేదు గాని, నుదుట చెమట మెరుస్తోంది. చల్లని గది అది. ఆమె చెయ్యి పట్టుకొన్నారు. వణుకుతోంది, మంచులా ఉంది.

“ఏమిటి, కళ్లు తిరుగుతున్నాయా?”

“ఏం లేదండీ. కాస్త నీరసంగా ఉంది, అంతే. అబ్బాయికి చెప్పకండి” అంది మెల్లగా.

మాత్ర వేసుకొని అప్పటికి గంటన్నర. కడుపులోకి పోయింది నాలుగు చెంచాల పదార్థం. ఇలాంటప్పుడు రక్తంలో చక్కెర పడిపోతుందని, వెంటనే తీపి పానీయం తాగించి, ఆ తరువాత అన్నం పెట్టాలని వైద్యుడు చెప్పిన మాట మాస్టారికి కంఠస్థం. ఆయన జీవితంలో తరగతి గది వెలుపల ఎన్నడూ ఎత్తనంత గొంతు ఎత్తి, “బాబూ, పంచదార!” అని కేక వేశారు. సంగీతం మించి ఆ కేక వినబడింది. పక్క బల్లలవారు తిరిగి చూశారు. కొడుకు ముఖం పాలిపోయింది.

కుర్రవాడు పరుగున వచ్చాడు. అప్పటిదాకా ఇంగ్లీషులో వ్యాఖ్యానాలు చెప్పినవాడు, ఆమెను చూడగానే, “ఏటయ్యిందమ్మా?” అన్నాడు. ఆ ఒక్క మాటతో అతడు శ్రీకాకుళంవైపువాడని మాస్టారికి తెలిసిపోయింది. అర నిమిషంలో గ్లాసెడు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తెచ్చి, తానే పట్టుకొని తాగించాడు. ఆమె తేరుకొంటున్నదాకా అక్కడే నిలబడి, తరువాత మాస్టారి వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

“మాకోసం వండుకొన్న అన్నం ఉందండీ, పప్పు కూడా. తెమ్మంటారా?”

పెద్ద భోజనశాలల్లో పనివారికి వేరుగా వండుకోవడం మామూలే. బల్లల దగ్గరికి వెళ్లే వంటకు, వారు తినే వంటకు సంబంధం ఉండదు. కాసేపటికి అతడు ఒక మామూలు స్టీలు కంచం తెచ్చాడు. అందులో వేడి అన్నం, మీద కందిపప్పు, పక్కన ఊరమిరపకాయ. దానికి వర్ణన లేదు, వ్యాఖ్యానం లేదు. మాస్టారి భార్య చెంచా పక్కన పెట్టి, చేత్తో కలుపుకొని తిన్నది. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ మాటలు మాని ఆమె తినడం చూస్తూ కూర్చున్నారు. మనుమరాలు, “నాన్నమ్మా, నాకూ ఒక ముద్ద” అంది. ఆమె ఆ పిల్ల నోట ముద్ద పెట్టింది.

కంచం సగం ఖాళీ అయ్యేసరికి కుర్రవాడు మళ్లీ వచ్చాడు. “ఇంకాస్త అన్నం వెయ్యమంటారా అమ్మా?”

ఆమె కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. “చాలు బాబూ, చాలు” అంది.

ఆ తరువాత రావలసిన పళ్లేలు వచ్చాయి, పోయాయి. దద్ధ్యోదనం మూడు ఉండలుగా వచ్చింది. చివర ఒక పెద్ద పళ్లెంలో చాక్లెట్టుతో శుభాకాంక్షలు రాసి, ఆ అక్షరాల పక్కన ఒకే ఒక్క పూర్ణంబూరె పెట్టి, దానిపై కొవ్వొత్తి గుచ్చి తెచ్చారు. చప్పట్లు కొట్టారు. దంపతులు ఇద్దరూ కలిసి కొవ్వొత్తి ఆర్పారు. బూరె కంటే అక్షరాలే పెద్దవి కావడంతో మనుమరాలు వేలితో అక్షరాలను తినేసింది.

బిల్లు 9,297 రూపాయల 75 పైసలు. అందులో పది శాతం సేవారుసుము కలిపి ఉందని బ్యాంకులో పనిచేసే కోడలు గమనించింది. వినియోగదారు అడగకుండా ఆ రుసుము చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు జారీ చేసింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కోడలు ఆ మాట నెమ్మదిగా చెప్పగానే, వాదన లేకుండా తీసివేశారు. 8,452 రూపాయల 50 పైసలు అయింది. స్టీలు కంచంలో వచ్చిన అన్నం బిల్లులో లేదు. కొడుకు ఆ కుర్రవాడి చేతిలో ఐదువందల నోటు పెట్టబోయాడు. అతడు మొదట తీసుకోలేదు. మాస్టారి భార్య “తీసుకో నాయనా” అన్నాక తీసుకొన్నాడు.

కారులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మనుమరాలు నిద్రపోయింది. కొడుకు రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, “నాన్నా, మీకు నచ్చలేదు కదూ?” అన్నాడు. మూడు వారాల ముందు నుంచి ఎదురుచూసిన రాత్రి అది. ఆ గొంతులోని వెలితి మాస్టారికి తెలియకపోలేదు. అబద్ధం చెప్పవద్దని జీవితమంతా పిల్లలకు నేర్పినవారాయన. నిజం చెబితే కొడుకు మనసు నొచ్చుకొంటుంది. కొంతసేపు ఆలోచించి, “చారు బాగుందిరా. అలాంటి చారు ఈ మధ్య తాగలేదు” అన్నారు. అది నిజమే.

“మిగతావి?”

“మిగతావి నాకు అందలేదు.”

ఆ మాటలోని రెండర్థాలూ కొడుకుకు తెలిశాయి. నవ్వాపుకోలేకపోయాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకొని, “అమ్మ మాత్ర సంగతి నేనే గుర్తుపెట్టుకోవలసింది” అన్నాడు. “ఊరుకోరా, నేను చిన్నపిల్లనా?” అంది తల్లి వెనకనుంచి.

ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. కోడలు కుక్కరు పెట్టింది. పొద్దుటి గోంగూర పచ్చడి, గడ్డపెరుగు ఉన్నాయి. తండ్రీ కొడుకులు వంటింట్లోనే నేలమీద కూర్చుని తిన్నారు. కొడుకు రెండుసార్లు మారు అడిగాడు.

దీపం ఆర్పి పడుకొన్నాక మాస్టారికి నిద్ర పట్టబోతుండగా, చీకట్లోంచి భార్య గొంతు వినిపించింది.

“ఏమండీ, ఆ అన్నం ఎవరి వంతుదంటారు?”

“ఏ అన్నం?”

“ఆ అబ్బాయి తెచ్చింది. తమకోసం వండుకొన్నది అన్నాడు కదా. అంత రాత్రయింది, అతను తిన్నాడో లేదో. అడగనేలేదు నేను.”

మాస్టారు ఏమీ చెప్పలేకపోయారు. ఆమె అటు తిరిగి పడుకొంది, కాని నిద్రపోలేదని ఆయనకు తెలుస్తూనే ఉంది.